రెండు నిమిషాల ఉత్కంఠ: ఒక థ్రిల్లరు ప్రారంభానికి మేము పడ్డ పాట్లు

"సినిమా తీస్తాం" అన్న మాట పుట్టగానే మన కాలేజీలో ముందుగా తయారయ్యేది పోస్టరు. ఆ తర్వాత డైరెక్టరు పేరు, ఆ పైన హీరో గడ్డం. కథ మాత్రం షూటింగు నాటి ఉదయం క్యాంటీనులో టీ గ్లాసుల మధ్య పుడుతుంది. ఫలితం యూనియన్ వారోత్సవాల్లో ఏటా మనమంతా చూస్తున్నదే: ఇరవై అయిదు నిమిషాల చిత్రం, అందులో పదిహేను నిమిషాలు స్లో మోషను! ఈ ఏడు మా ఫిల్ము క్లబ్బు వాళ్లం వేరే పని తలపెట్టాం. పూర్తి సినిమా జోలికి పోకుండా, ఒక థ్రిల్లరు చిత్రం ఎలా మొదలవుతుందో ఆ ప్రారంభం మాత్రమే, టైటిల్సుతో సహా రెండు నిమిషాలు తీయాలని. ఆ రెండు నిమిషాల కోసం మేము ఏం చూశామో, ఏం రాసుకొన్నామో, దేనిమీద తగవులాడుకొన్నామో చెప్పడానికే ఈ వ్యాసం. సినిమా తీయాలని ఉబలాటపడే జూనియర్లకు అక్కరకొస్తుందని నా ఆశ.

ఈ ఆలోచన మా సొంతం కాదు. ఇంగ్లండులో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డువారు 2008లో ప్రవేశపెట్టిన మీడియా స్టడీస్ పాఠ్యక్రమంలో పదహారు పదిహేడేళ్ల పిల్లలకు ఇదే పని ఇచ్చేవారు: ఒక కొత్త కల్పిత చిత్రానికి టైటిల్సు, ప్రారంభ దృశ్యం, రెండు నిమిషాలకు మించరాదు. అక్కడి పిల్లల్లో చాలామంది థ్రిల్లరునే ఎంచుకొనేవారు. తర్వాత ఆ పాఠ్యక్రమం మారిపోయింది గాని, అందులోని తెలివి మాత్రం నాకు భలే నచ్చింది. ముగింపు ఆలోచించనక్కరలేదు, హీరో మార్పు చెందనక్కరలేదు, పాట పెట్టనక్కరలేదు. చూసేవాడు "తర్వాతేమైంది?" అని కుర్చీలో ముందుకు జరిగితే చాలు, పని నెగ్గినట్టే.

ఇంతకీ థ్రిల్లరంటే ఏమిటి? మన తాతల, తండ్రుల తరం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకొని చదివింది. అక్కడ ప్రధానమైన ప్రశ్న "ఎవరు చేశారు?" అన్నది. జరిగిపోయినదాన్ని తవ్వి తీయడం ఆ కథల పని. థ్రిల్లరు ప్రశ్న వేరు: "ఇప్పుడేం జరగబోతోంది?" ఈ తేడాను హిచ్‌కాక్ మహాశయుడు ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో 1962లో జరిపిన సంభాషణల్లో ఒక బాంబు సాయంతో విడమరిచి చెప్పాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చొని కబుర్లాడుతున్నారు. బల్ల కింద బాంబుంది. ఆ సంగతి మనకు తెలియకుండా అది పేలితే, మనకు దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు పెట్టడం మనం ముందే చూసి, గోడ గడియారంలో టైము కూడా చూస్తుంటే, అదే చప్పటి కబుర్లు పదిహేను నిమిషాల ఉత్కంఠ అవుతాయి. "లేవండర్రా బాబూ, అక్కణ్ణుంచి లేవండి!" అని మనమే అరవాలనిపిస్తుంది. మా క్లబ్బు గోడమీద ఈ ఒక్క ముక్కే పెద్దక్షరాలతో రాసి అంటించాం: ఉలికిపాటు చవక, ఉత్కంఠ ఖరీదు.

పరిశోధన అని పెద్ద మాట అంటున్నాను గాని, చేసింది సినిమాలు చూడటమే. అయితే చూసే పద్ధతి ఒకటి పెట్టుకొన్నాం. ప్రతి చిత్రంలోనూ మొదటి అయిదారు నిమిషాలే. ఒకసారి శబ్దం తీసేసి బొమ్మ మాత్రం చూడటం; రెండోసారి తెరకు వీపుపెట్టి కూర్చొని శబ్దం మాత్రం వినడం; మూడోసారి కాగితం, పెన్సిలు పట్టుకొని షాటు మారినప్పుడల్లా ఒక గీత గీయడం. మూడోసారికి భయం పోతుంది, పని కనిపిస్తుంది. ఇంద్రజాలికుడి వెనక నిలబడి చూసినట్టన్నమాట.

ఇలా చూసినవాటిలో మమ్మల్ని అందరికంటె ఎక్కువగా పట్టుకొన్నది తొంభై ఏళ్లు దాటిన జర్మన్ చిత్రం, ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎమ్'. అది ఆయన మొదటి టాకీ. చీకటి తెరమీద ముందు ఒక పిల్ల గొంతు వినిపిస్తుంది. పెరట్లో పిల్లలు గుండ్రంగా నిలబడి, హంతకుడొస్తాడంటూ లెక్కపాట పాడుకొంటున్నారు. పైనుంచి ఒకావిడ గదమాయిస్తుంది. లోపల ఒక తల్లి బట్టలుతుకుతూ, బడినుంచి వచ్చే కూతురికోసం బల్లమీద పళ్లెం పెడుతుంది. గడియారం పన్నెండు కొడుతుంది. వీధిలో ఆ కూతురు బంతి ఎగరేసుకొంటూ వచ్చి, ఒక స్తంభానికి అంటించిన ప్రకటన మీదకి బంతి కొడుతుంది. అది పిల్లల హంతకుణ్ణి పట్టిచ్చినవారికి పదివేల మార్కుల బహుమతి ప్రకటన. ఆ కాగితం మీదకే ఒక మగవాడి నీడ వాలుతుంది. అతను ఈలవేస్తూ గుడ్డి బేరగాడి దగ్గర పిల్లకు బుడగ కొనిపెడతాడు. ఇక్కడ తల్లి మెట్లమీదకు వచ్చి పేరుపెట్టి పిలుస్తుంది. ఖాళీ మెట్లు. బట్టలారేసిన ఖాళీ అటక. ఖాళీ పళ్లెం. పొదల్లోంచి బంతి దొర్లుకొంటూ వచ్చి ఆగిపోతుంది. బుడగ టెలిగ్రాఫు తీగలకు చిక్కుకొంటుంది. అంతే!

రక్తం లేదు, కత్తి లేదు, కేక కూడా లేదు. ఇందులో ఏ వస్తువుకు డబ్బు కావాలి చెప్పండి? పళ్లెం, బంతి, బుడగ. మన హాస్టలు మెస్సులో ఇంతకంటె ఎక్కువ సామగ్రి ఉంది. మరో చమత్కారం: హంతకుడి ఈలపాటను గ్రీగ్ అనే నార్వే సంగీతకారుడి రచన నుంచి తీసుకొన్నారు. నటుడు పీటర్ లారీకి ఈల వేయడం రాకపోతే డైరెక్టరే వేశాడట. చివరికి ఆ గుడ్డి బేరగాడు హంతకుణ్ణి గుర్తుపట్టేది ఆ ఈలవల్లనే. ప్రారంభంలో చల్లిన గింజ కథ మధ్యలో మొలకెత్తడం అంటే ఇదే.

మిగతావాటిని టూకీగా చెబుతాను. హిచ్‌కాక్ 'రేర్ విండో' (1954)లో ఒక్క మాట లేకుండా కెమేరా గదంతా తిరుగుతుంది: కట్టు కట్టిన కాలు, విరిగిన కెమేరా, పందెపు కారు ప్రమాదం ఫోటో. ఇతనెవరో, కాలెందుకు విరిగిందో మనకు తెలిసిపోతుంది. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) ఒకే ఒక షాటుతో మొదలవుతుంది. కారు డిక్కీలో బాంబు పెడతారు. ఆ కారు మూడు నిమిషాలకు పైగా జనంలో, మేకల మందల్లో, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగుతూ సాగుతుంది, కట్ అనేదే లేదు. స్టూడియోవారు ఆ షాటుమీద టైటిల్సు, హెన్రీ మాన్సినీ సంగీతం పులిమితే, వెల్స్ రాసిన 58 పేజీల ఉత్తరాన్ని అనుసరించి 1998లో సరిదిద్దిన ప్రతిలో అవి తీసేసి వీధి శబ్దాలే ఉంచారు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాం. సంగీతంతో ఉన్నది షోకుగా ఉంటుంది, వీధి శబ్దాలతో ఉన్నది భయపెడుతుంది. ఇది మా వాదనల్లో తర్వాత చాలాసార్లు పనికొచ్చింది.

మనవైపు సంగతీ చెప్పాలి. ఎస్. బాలచందర్ 1954లోనే ఏవీయం వారికి 'అంద నాళ్' అనే తమిళ చిత్రాన్ని ఒక్క పాట లేకుండా తీశాడు. తుపాకి పేలుడుతోనే కథ ఆరంభం. పాటల్లేని మన సినిమా ఆడదని ఇప్పటికీ చెప్పేవారు ఆ సంవత్సరం ఒకసారి గుర్తుచేసుకొంటే మంచిది. తెలుగులో రాంగోపాల్ వర్మ 'క్షణ క్షణం' (1991) బ్యాంకు దోపిడితో మొదలై, ఆ సొమ్ముతో ఏ సంబంధమూ లేని ఒక ఉద్యోగం చేసుకొనే అమ్మాయి మెడకు చుట్టుకొంటుంది. పెద్ద నేరాన్ని సామాన్యురాలి వాకిట్లోకి తెచ్చి పడేయడం అందులోని కిటుకు.

ఇక అసలు తగవు దగ్గరకు వస్తాను.

మా క్లబ్బులో మొదట వచ్చిన కథాసూత్రం ఇది: రాత్రి, నిర్మానుష్యమైన రోడ్డు, ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి, వెనక అడుగుల చప్పుడు, పరుగు, కేక, తెల్లారేసరికి శవం, టైటిలు. మూడు పేజీలు రాసి తెచ్చారు. బాగానే రాశారు, కెమేరా ఎక్కడుండాలో కూడా గీశారు. అందరూ విన్నాక, రెండో సంవత్సరం చదివే ఒక చెల్లి మెల్లిగా అడిగింది.

"అన్నా, ఆ అమ్మాయి పేరేంటి?"

పేరు లేదు. స్క్రిప్టులో మూడు పేజీలా 'అమ్మాయి' అనే ఉంది. ఎస్సై పాత్రకు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది!

"రెండు నిమిషాల్లో చచ్చిపోయేదానికి పేరెందుకమ్మా?" అన్నాడొకడు. వాడి ఉద్దేశం చెడ్డది కాదు. ప్రపంచంలో సగం థ్రిల్లర్లు అలాగే మొదలవుతాయి. వాడు చూసినదే రాశాడు. కాని ఆ సాయంకాలం హాస్టలుకు తిరిగి వస్తూ మేమున్న నలుగురు అమ్మాయిలం దీన్నే తలచుకొన్నాం. మేం రోజూ నడిచే రోడ్డును, మా నడకను తీసి, మమ్మల్నే భయపెట్టడానికి వాడుకొంటే, ఆ భయం ఎవరికి వినోదం? ప్రేక్షకుడు ఆ షాటులో హంతకుడి కళ్లతో అమ్మాయి వీపును చూస్తున్నాడు. ఆమె వైపునుంచి చూసేవాళ్లు థియేటర్లో ఎవరూ లేరు. 'ఎమ్'లో అలా కాదే! ఆ పిల్లకు పేరుంది, ఆమెకోసం ఎదురుచూసే మనిషి ఉంది. మనం కూర్చున్నది ఆ తల్లి పక్కన.

అందుకని పరిశోధనలో రెండో భాగం మొదలుపెట్టాం. సినిమాలు చాలించి, హాస్టల్లో గది గదికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాం: "నీకు నిజంగా ఎప్పుడు భయమేసింది?" అడుగుల చప్పుడు అని చెప్పినవాళ్లు దాదాపు లేరు. తెలిసిన దారిలో పోతున్న ఆటో తెలియని మలుపు తిరిగినప్పుడు. ఫోనులో చార్జింగు అయిపోతున్నప్పుడు. "చేరావా?" అని పంపిన మెసేజికి ఒకటే టిక్కు ఉండిపోయినప్పుడు. ఇలాంటివే ఎక్కువ. తనకు కాక స్నేహితురాలికి ఏమైందోనన్న భయమే పెద్దదని చాలామంది చెప్పారు. ఇది మాకు నిధి దొరికినట్టయింది. ఎదురుచూపు! బల్ల కింద బాంబు అంటే ఇంకేమిటి?

కాని ఇక్కడే ఫైనలియర్ అక్క ఒకావిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసింది. "మీరు సినిమా తీసి చప్పట్లు కొట్టించుకొంటారు. దాన్ని చూసి రేపు గేటు ఎనిమిదిన్నరకి బదులు ఏడింటికే వేస్తే? అప్పుడు లైబ్రరీకి ఎవరు పోతారు?" అంది. నవ్వి ఊరుకొనే మాట కాదు. హాస్టలు వేళల మీద ఢిల్లీ విద్యార్థినులు 2015లో 'పింజ్రా తోడ్' పేరుతో ఆందోళన లేవదీసింది దీనికే గదా: భద్రత పేరు చెప్పి పెట్టే ఆంక్షలన్నీ ఆడపిల్లల మీదే ఎందుకని. "బయట ప్రమాదముంది" అని మా చిత్రం చెబితే, "కాబట్టి లోపలే ఉండండి" అని దాన్ని చూసినవాళ్లు అర్థం తీస్తారు. మేము ఎంత బాగా భయపెడితే అంత నష్టం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. థ్రిల్లరులో ప్రమాదాన్ని ఎక్కడ పెడతామన్నది కేవలం కథకు సంబంధించిన విషయం కాదు. అది ఒక వాదన. చీకటి రోడ్డుమీద పెడితే ఒక వాదన, ఇంట్లో పెడితే మరొకటి. అందుకే ప్రమాదాన్ని గేటు బయటినుంచి తీసి, గేటు లోపల, వాచ్‌మన్ బల్లమీది రిజిస్టరులో పెట్టాం. గేటు ఎంత తొందరగా వేసినా ఆగని ప్రమాదం అది.

కథ ఇలా కుదిరింది. అవుట్ రిజిస్టరు. పేరు, గది నెంబరు, వెళ్లే చోటు, వెళ్లిన వేళ, వచ్చిన వేళ, సంతకం అనే గళ్లు. 'మాధవి, 27, బస్టాండు, 5.10' అని ఒక వరస. చివరి రెండు గళ్లూ ఖాళీ. మెస్సులో ఆమె కోసం పళ్లెంమీద పళ్లెం బోర్లించి పెట్టి ఉంటుంది. ఆమె రూమ్మేటు ఫోను చూసుకొంటుంది, ఒకటే టిక్కు. డాబామీద తీగకు మాధవి తువ్వాలు ఒక్కటే మిగిలింది. రూమ్మేటు కిందికి దిగి రిజిస్టరు తెరుస్తుంది. ఖాళీ గళ్లలో ఇప్పుడు '8.28' అని వేళ, పక్కన సంతకం! హమ్మయ్య అనుకొని మెట్లన్నీ పరుగున ఎక్కుతుంది. గదికి తాను వేసిన తాళం వేసినట్టే ఉంది. మళ్లీ దిగుతుంది, ఈసారి నెమ్మదిగా. సంతకం మీదకు వంగి చూస్తుంది. అక్కడ ఉన్నది 'మాదవి'. ద కింద గీత లేదు. తన పేరు తాను తప్పుగా రాసుకొనే మనిషి ఉంటుందా?

ఒక్క ఒత్తు లేకపోవడం మీద ఒక థ్రిల్లరు నిలబడటం తెలుగులోనే సాధ్యమని మా తెలుగు లెక్చరరు గారు ఎంతో సంతోషించారు. ఏడాది పొడుగునా మా జవాబు పత్రాల్లో ఆ గీతలే ఆయన దిద్దుతున్నారు మరి!

టైటిల్సుకు కూడా రిజిస్టరే దారి చూపింది. డేవిడ్ ఫించర్ 'సెవెన్' (1995)కు కైల్ కూపర్ చేసిన టైటిల్సులో హంతకుడి నోటుపుస్తకాలు, చేతిరాతలు కనిపిస్తాయి. మాకు కొత్త గ్రాఫిక్సు అక్కరలేకపోయింది. రిజిస్టరులో పై వరసల్లో మా పేర్లే: పేరు గడిలో మనిషి పేరు, వెళ్లే చోటు గడిలో 'కెమేరా', 'కూర్పు', 'శబ్దం'. ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే ఒక్కో పేరూ కనబడుతుంది. చివరి పేరు తర్వాతి వరస మాధవిది. ఇందుకు అసలు రిజిస్టరును ముట్టుకోలేదు. అందులో ఎందరి వివరాలో ఉంటాయి, వాటిని తెరమీదకు ఎక్కించే హక్కు మాకు లేదు. కొత్త పొడుగు నోటు కొని, గళ్లు కొట్టి, కల్పిత పేర్లతో నలభై పేజీలు నింపి, టీ నీళ్లు చిలకరించి పాతబరిచాం.

ఇక పనివాళ్ల సంగతులు కొన్ని. ఇంగ్లండు పిల్లలకు అసలు చిత్రానికి ముందు ఒక చిన్న అభ్యాసం ఉండేది: ఒక మనిషి తలుపు తీసుకొని గదిలోకి వచ్చి, నడిచి, మరో మనిషి ఎదుట కూర్చొని రెండు మాటలాడాలి. ఇంతేనా అనుకొంటారు. తీసి చూడండి! గది బయట చెయ్యి గొళ్లెం మీద పడ్డ క్షణానికి, లోపల తలుపు కదిలిన క్షణానికి అతుకు కనబడకూడదు. కూర్చొన్న ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకొని, కెమేరా దానికి ఒకవైపే ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకేవైపు చూస్తున్నట్టు, ఎదురెదురు కూర్చొన్నవాళ్లు సినిమాహాల్లో పక్కపక్కన కూర్చొన్నట్టు కనబడతారు. ఈ అభ్యాసం మేము నాలుగుసార్లు తీశాం.

ట్యూబులైటు ఉన్న వరండాలో ఫోనుతో తీస్తే బొమ్మమీద చారలు పాకుతాయి. కారణం తేలికే. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలది, దానితో దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. ఫోను తనంతట తాను ఎంచుకొనే వేగానికి అది పొసగదు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 అని మనమే బిగిస్తే చారలు పోతాయి. డాబామీది రాత్రి షాటును రాత్రి తీయకూడదు. సూర్యాస్తమయం అయ్యాక ఆకాశం ముదురు నీలంగా ఉండే ఆ పావుగంటలో తీయాలి. దీపాలు వెలుగుతుంటాయి, తువ్వాలు అంచూ కనబడుతుంది. నడిరేయి తీస్తే చీకటి, దానిమీద చుక్కల గోల తప్ప ఏమీ మిగలదు. శబ్దానికి వేరే ఫోను, నటి దగ్గరగా. ప్రతిచోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. వరండా నిశ్శబ్దం వేరు, మెస్సు నిశ్శబ్దం వేరు. కూర్పులో అతుకులు కప్పేది అదే. సంగీతం వద్దనుకొన్నాం. వెల్స్ గారి వీధి శబ్దాలు నేర్పినట్టు మాకు ఫ్యాను కిరకిర, దారంతో కట్టిన పెన్ను బల్లకు తగిలే టకటక చాలు.

అనుమతికి స్క్రిప్టు తీసుకొని వెళితే వార్డెన్ మేడంగారు పూర్తిగా చదివి, కళ్లద్దాలు తీసి, "అయితే తప్పు లోపలివాళ్లదేనంటారా?" అని అడిగారు. "ఎవరిదో ఈ రెండు నిమిషాల్లో తేలదు మేడం" అన్నాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, హాస్టలు బోర్డు కనబడకూడదన్న షరతుమీద వరండా, డాబా ఇచ్చారు. మర్నాటినుంచి రాత్రి రిజిస్టరు ఆవిడే వచ్చి చూస్తున్నారని వాచ్‌మన్ తాత చెప్పాడు.

ఇప్పుడు మిగిలింది ఆఖరి షాటు. పరీక్షగా ఒకసారి తీసి సెమినారు హాలులో తెరమీద వేశాం. ముందు వరసలవాళ్లు గీత లేకపోవడం వెంటనే పట్టేశారు. వెనక వరసల్లో "ఏముందక్కడ? ఏం లేదే!" అన్నారు. నాలుగు సెకన్లున్న షాటును ఏడు సెకన్లకు పెంచాం. ముందుగా ఆమె పాత సంతకం 'మాధవి'ని పై పేజీలో ఒకసారి చూపించి, రూమ్మేటు వేలు ఆ గీతమీద ఆగేటట్టు మార్చాం. ఆ మూడు సెకన్ల కోసం మెస్సు పళ్లెం షాటు తగ్గించాలని కూర్పరి పట్టు, కూడదని నా పట్టు. ఇంటర్నల్ పరీక్షలు అయిన వెంటనే షూటింగు.